విమానం ఆట మొత్తం 4 కేబీ అంటే నమ్మాలా? ఇక్కడ ఒక్క అప్‌డేట్‌కే 2 జీబీ పోయింది

గుంటూరు_శీను
నిన్న రాత్రి మావాడు ఫోన్‌లో ఆడే ఆటకి అప్‌డేట్ వచ్చింది. 2 జీబీ! రోజువారీ డేటా మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది. పొద్దున ఆఫీసు మెయిల్ ఒకటి పంపడానికి మళ్ళీ రీచార్జ్ చేయాల్సి వచ్చింది. ఇంతకీ ఏం మారిందిరా అంటే "కొత్త డ్రెస్సులొచ్చాయి నాన్నా" అన్నాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ గేమ్ ఉండేది. నల్ల డబ్బా, ఒకటే ఎర్ర బటన్ ఉన్న జాయ్‌స్టిక్. అందులో నది మీద విమానం పోయే ఆట. పడవలు, హెలికాప్టర్లు, వంతెనలు, మధ్యమధ్యలో పెట్రోలు ట్యాంకులు. వేసవి సెలవులన్నీ దాంతోనే గడిచిపోయేవి. మొన్న ఎవరో ఆ ఆట సైజు మొత్తం 4 కేబీ అన్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. వాట్సాప్‌లో ఒక ఫొటో పంపితేనే 200 కేబీ అవుతోంది. ఎంతసేపు పోయినా అయిపోని నది 4 కేబీలో ఎలా పట్టింది? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

కావలి_కుర్రాడు
4 ఎంబీ అయ్యుంటుంది. పొరపాటున కేబీ అని ఉంటారు.

మేడమీద_యాంటెన్నా
పొరపాటేమీ లేదు. 4 కేబీనే, అక్షరాలా 4,096 బైట్లు.

ఆ ఆట పేరు రివర్ రెయిడ్. 1982లో యాక్టివిజన్ కంపెనీ అటారీ 2600 కోసం తెచ్చింది. శీను గారి నల్ల డబ్బా ఆ అటారీకి నకలు. అసలు యంత్రం 1977లో అమెరికాలో వచ్చింది. అందులోని 6507 ప్రాసెసర్‌కి మెమరీలో చోటు వెతికే అడ్రస్ లైన్లు 13, అంటే 8 కేబీ దాకానే చేరగలదు. అందులో ఆట చిప్ ఉండే కాసెట్ వాటాకి వచ్చేది 4 కేబీ. ఇక స్కోరెంత, విమానం ఎక్కడుంది, ఇంధనం ఎంత మిగిలింది లాంటివి గుర్తుంచుకోవడానికి ర్యామ్ 128 బైట్లు. మళ్ళీ చెబుతున్నా, బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి కాబట్టి, శీను గారి పోస్టులో మొదటి వాక్యం కూడా అందులో పట్టదు.

ఇప్పటి ఫోన్‌లో బొమ్మ మొత్తం ముందు మెమరీలో తయారై తర్వాత తెర మీదికి వస్తుంది. 128 బైట్లలో బొమ్మ ఎక్కడ పెడతారు? అందుకే అసలు పెట్టలేదు. పాత టీవీలో ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీసుకుంటూ కిందికి దిగేది కదా. అది గీస్తూ ఉండగానే ప్రోగ్రామ్ పక్కన పరిగెత్తుతూ రంగులు అందించాలి. ఒక్కో గీతకి దొరికే టైము 76 సైకిళ్ళు, అంటే ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకునేంత. ఆ కాసేపట్లో పాతిక ఆదేశాలు నడిస్తే గొప్ప. ముగ్గు వేసేవాళ్ళు ముందు చుక్కలు పెట్టుకుంటారు, తర్వాత తీరిగ్గా కలుపుతారు. ఇక్కడ ఆ తీరిక లేదు, చుక్కా గీతా ఒకేసారి పడిపోవాలి. కాస్త ఆలస్యమైతే ముగ్గు చెదిరినట్టే.

ఇక నది. కాసెట్‌లో నది బొమ్మ ఎక్కడా లేదు. 16 బిట్ల (బిట్ అంటే ఒక 0 లేదా 1) సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని ఒక పక్కకి జరిపి, అందులోని కొన్ని బిట్లని కలిపి, ఖాళీ అయిన చోట పెడితే కొత్త సంఖ్య వస్తుంది. మళ్ళీ అదే పని చేస్తే ఇంకోటి. చూడ్డానికి చీటీలు తీసినట్టుంటుంది గానీ, మొదలయ్యే సంఖ్య ఎప్పుడూ ఒకటే కాబట్టి ప్రతిసారీ అదే వరస వస్తుంది. గట్టు ఎక్కడ వంగాలి, ద్వీపం ఎక్కడ రావాలి, ఎదురయ్యేది పడవా హెలికాప్టరా, అన్నిటికీ ఆ సంఖ్యలే ఆధారం.

ఇంకో సంగతి. ఆ నదికి ఎడమ గట్టూ కుడి గట్టూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి. ఆ యంత్రంలో నేపథ్యానికి ఇచ్చిన 20 బిట్లు సగం తెరకే సరిపోతాయి. మిగతా సగంలో అదే బొమ్మని తిరగేసి వేయమని చెప్పొచ్చు. అలా తిరగేసి వేస్తే నదికి అతికినట్టు కుదిరింది.

గుంటూరు_శీను
రెండు గట్లూ ఒకటేనా! అన్నేళ్ళు ఆడాను, ఒక్కసారీ కంటికి ఆనలేదు. నది మాత్రం నాకూ మా అన్నయ్యకీ కంఠతా వచ్చేసింది. ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ పాయలుగా చీలుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. మాకు బాగా అలవాటైపోయి తెలుస్తోందనుకున్నాం. మొదలయ్యే సంఖ్య ఒకటే కావడం వల్ల అన్నమాట.

లలిత_విశాఖ
యాంటెన్నా గారు అంతా చెప్పి రాసినావిడ పేరు వదిలేశారు. కరోల్ షా. 1978లో అటారీలో చేరారు, ఆట ప్రోగ్రాములు రాయడం వృత్తిగా పెట్టుకున్న తొలితరం మహిళల్లో ఒకరు. రివర్ రెయిడ్ ఆవిడ ఒక్కరి రాత. ఆ రోజుల్లో ఆలోచన, బొమ్మలు, శబ్దం, ప్రోగ్రామ్ అన్నీ చాలావరకు ఒక్క మనిషే చేసేవారు.

పేరు సంగతి ఎందుకు ఎత్తానంటే, అప్పట్లో అటారీ తన ఆటల మీద రాసినవాళ్ళ పేర్లు వేసేది కాదు. అది నచ్చని ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టుకున్నారు, డబ్బాల మీద తమ పేర్లు వేసుకున్నారు. అటారీలో ఉన్న వారెన్ రాబినెట్ ఇంకో దారి చూసుకున్నాడు. అడ్వెంచర్ అనే తన ఆటలో ఒక రహస్య గది కట్టాడు. గోడ రంగులోనే కలిసిపోయే ఒక్క చుక్క ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని సరైన చోటికి మోసుకెళ్తే గది తెరుచుకుని అతని పేరు కనిపిస్తుంది. అదీ 4 కేబీ ఆటే. అంత ఇరుకులోనూ తన పేరు కోసం ఒక గది మిగుల్చుకున్నాడు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు అక్కడే ఉండిపోయింది.

టెక్స్చర్_ప్రసాద్
నేను గేమ్ స్టూడియోలో బొమ్మల విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిసారీ "అప్పటివాళ్ళు మేధావులు, ఇప్పటివాళ్ళు బద్ధకస్తులు" అనేదాకా వెళ్తుంది. ముందే లెక్క చెప్పేస్తాను.

4కే తెర మీద ఒకే ఒక్క బొమ్మ తీసుకోండి. 3840 × 2160 చుక్కలు, ఒక్కో చుక్కకి 4 బైట్లు. కుదించకుండా ఉంచితే సుమారు 33 ఎంబీ. అంటే ఒక్క బొమ్మ చోటులో 8,100 రివర్ రెయిడ్‌లు పడతాయి. శీను గారబ్బాయి ఆటలో మనుషుల చర్మం, గుడ్డ మడతలు, గడ్డి, నీళ్ళ మెరుపు, మాటలు, సంగీతం అన్నీ ఉంటాయి. వాటిల్లో ప్రోగ్రామ్ వాటా చాలా తక్కువ. మా టీమ్‌లో ఒక్క కేబీ తగ్గించడానికి రాత్రిళ్ళు కూర్చున్నవాళ్ళున్నారు.

కావలి_కుర్రాడు
2 జీబీలో 4 కేబీ ఆటలు ఎన్ని పడతాయో లెక్కేశా. 5,24,288. రోజుకొకటి ఆడినా వెయ్యేళ్ళ పైమాటే. శీను గారూ, రీచార్జ్ ఇంకోసారి చేయించుకోండి.

వరంగల్_హరి
ప్రసాద్ అన్నా, మిమ్మల్ని బద్ధకస్తులు అని ఇక్కడ ఎవరూ అనలే. మీ బాధ మాకు తెలుసు. కానీ చోటు లేనప్పుడు మనిషి బుర్ర నడిచే తీరే వేరే ఉంటది.

మారియో చూడండి. 1985 ఆట, మొత్తం 40 కేబీ. ప్రోగ్రామ్‌కి 32, బొమ్మలకి 8. అందులో ఆకాశంలో తెల్ల మబ్బు, నేల మీద పచ్చ పొద, రెండూ ఒకే బొమ్మ. రంగు మార్చి పెట్టిండ్రు, అంతే. పైపులోకి దిగేటప్పుడు వచ్చే శబ్దం, దెబ్బ తగిలి మారియో చిన్నగయ్యేటప్పుడు వచ్చే శబ్దం కూడా ఒకటే. మా చెల్లె చిన్నప్పుడే "ఆ చెట్టు మబ్బు లెక్కుందిరా" అన్నది. నేను నవ్విన. అది చెప్పిందే నిజమైంది.

సికింద్రాబాద్_సుజాత
హరి, మీ చెల్లెలికి ఇప్పుడైనా సారీ చెప్పారా లేదా?

వరంగల్_హరి
ఫోన్ చేసి చెప్పిన అక్కా. ఆమెకు ఆ మాట కూడా గుర్తుంది!

నూజివీడు_మామిడి
మరి మా కాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది. 40 కేబీ చొప్పున 9999 ఆటలంటే 400 ఎంబీ అవుతుంది కదా? ఆ రోజుల్లో అంత ఎలా పెట్టారు?

మేడమీద_యాంటెన్నా
పెట్టలేదు. లోపల ఉన్నది పదీ ఇరవై ఆటలే. మెనూలో ఒక్కో నంబరు నొక్కితే అదే ఆట వేరే లెవెల్ నుంచో, ఎక్కువ ప్రాణాలతోనో మొదలయ్యేది. మెమరీలో ఒకటి రెండు విలువలు మార్చి ఆటని మొదలుపెడితే దానికో కొత్త నంబరు, కొత్త పేరు. గమనించి ఉంటారు, కాస్త కిందికి వెళ్తే అన్నీ చూసిన ఆటలే వస్తాయి.

నూజివీడు_మామిడి
నేనూ మా తమ్ముడూ ఒక ఎండాకాలం మొత్తం నోటుబుక్కులో నంబర్లు రాసుకుంటూ కొత్త ఆట కోసం వెతికాం. 300 దాకా వెళ్ళాం. వాడికి ఈ పోస్టు పంపుతున్నా.

బెంగుళూరు_బాలు
స్పేస్ ఇన్వేడర్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1978లో జపాన్‌లో టైటో కంపెనీకి తొమొహిరో నిషికాదో తయారుచేసిన ఆట. దానికి కావలసిన హార్డ్‌వేర్ కూడా ఆయనే కూర్చుకున్నారు. అందులో శత్రువులు ఐదు వరసలు, వరసకి 11 మంది, మొత్తం 55. ఇంటెల్ 8080 ప్రాసెసర్‌కి అందరినీ ఒకేసారి కదిలించే ఓపిక లేదు. సెకనులో 60వ వంతుకి ఒక్కరినే జరుపుతుంది. 55 మంది ఉన్నప్పుడు అందరూ ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. మీరు కాల్చేకొద్దీ వరస తగ్గుతుంది, మిగిలినవాళ్ళ వంతు తొందరగా వస్తుంది. చివరికి మిగిలిన ఒక్కడు పిచ్చెక్కినట్టు పరిగెడతాడు. ఆడేవాడికి టెన్షన్ పెంచే ఆ వేగం, యంత్రం నెమ్మదితనం వల్ల పుట్టింది. ఆయన దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు. చివర్లో కష్టం పెరగాలనే పద్ధతి తర్వాత ఎన్ని ఆటలకి పాకిందో!

టెక్స్చర్_ప్రసాద్
బాలు గారు చెప్పినది నాకూ చాలా ఇష్టమైన సంగతి. కానీ నాణేనికి రెండో వైపు కూడా రాయాలి.

అదే అటారీ 2600 మీద 1982లో ప్యాక్‌మన్ వచ్చింది. 4 కేబీ. ఆ యంత్రానికి తెర మీద కదిలే బొమ్మలు చూపించడానికి ఉన్న స్ప్రైట్లు (నేపథ్యంతో సంబంధం లేకుండా జరిపే చిన్న బొమ్మలు) రెండే. దయ్యాలేమో నాలుగు. ఏం చేశారు? ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో దయ్యాన్ని చూపిస్తూ పోయారు. ఫలితం, దయ్యాలు అస్తమానం మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. 70 లక్షల పైచిలుకు కాసెట్లు అమ్ముడయ్యాయి, కొన్నవాళ్ళు ఉసూరుమన్నారు. మరుసటి ఏడాది అదే యంత్రం మీద మిస్ ప్యాక్‌మన్ 8 కేబీలో వచ్చింది, ఎంతో బాగుంది. అంటే ఇంకో 4 కేబీ ఇచ్చి ఉంటే మొదటిదీ మెరుగ్గా వచ్చేదేమో కదా? చోటు లేకపోవడం వల్ల రివర్ రెయిడ్ ఒకటి పుట్టింది, నాసిరకం ఆటలు కుప్పలుతెప్పలుగా కూడా పుట్టాయి. ఈటీ సినిమా పేరుతో వచ్చిన ఆటకి ప్రోగ్రామర్‌కి ఇచ్చిన గడువు ఐదు వారాలు. మిగిలిపోయిన కాసెట్లని 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డోలో గొయ్యి తీసి పాతిపెట్టారు. 2014లో తవ్వి బయటికి తీశారు కూడా.

మేడమీద_యాంటెన్నా
ఈ మాట ఒప్పుకుంటాను ప్రసాద్ గారూ. ఐదు వారాల గడువు మాత్రం మెమరీ చేసిన తప్పు కాదు. పండగ సీజన్‌కి సరుకు దింపాలన్న తొందర.

కర్నూలు_కళ్యాణి
మా స్కూలుకి 1980ల్లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు అని మొదలుపెట్టి బడులకి కంప్యూటర్లు ఇచ్చింది కదా, అప్పుడు. గదికి ఏసీ, కిటికీలకి తెరలు, గుమ్మం బయట చెప్పులు. మేమంతా వరసలో నిలబడి, వంతు వచ్చాక నలుగురం ఒక కీబోర్డు ముందు కూర్చునేవాళ్ళం. ఎర్ర మీటలు పైవరసలో ఉండేవి, ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నేను రాసిన మొదటి ప్రోగ్రామ్ నా పేరుని తెర నిండా నింపింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినకుండా అమ్మకి అదే చెప్పాను.

చాలా ఏళ్ళకి తెలిసింది, అదే యంత్రం మీద 1984లో ఎలైట్ అనే, అంతరిక్షంలో తిరుగుతూ వ్యాపారం చేసే ఆట వచ్చిందని. కేంబ్రిడ్జిలో చదువుకునే ఇద్దరు కుర్రాళ్ళు, డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ రాశారు. మెమరీ మొత్తం 32 కేబీ, తెరకే అందులో పెద్ద ముక్క పోతుంది. మిగిలిన దాంట్లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహ మండలాలు! శీను గారి నది పద్ధతే ఇక్కడా. మూడు సంఖ్యలు ఉంటాయి, వాటిని ఫిబొనాచీ వరసలాగా కూడుకుంటూ పోతే తర్వాతి గ్రహం పుడుతుంది. దాని పేరు, ప్రభుత్వం, అక్కడ సరుకుల ధరలు అన్నీ ఆ సంఖ్యల్లోంచే. పేర్లు రెండేసి అక్షరాల జంటలు అతికించి చేసినవి. లేవ్, డిసో, లీస్టి. ఎవరూ కూర్చుని పెట్టని పేర్లు, అయినా ఎక్కడో నిజంగా ఉన్న ఊళ్ళలాగా ఉంటాయి.

కావలి_కుర్రాడు
అలా యంత్రానికి వదిలేస్తే బూతు మాట రాదా?

కర్నూలు_కళ్యాణి
వచ్చింది! ఒక గెలాక్సీలో ఒక గ్రహానికి ఇంగ్లీషులో చెప్పుకోలేని పేరు వచ్చింది. గ్రహం పేరు ఒక్కటే మార్చడానికి వీల్లేదు కదా. మొత్తం గెలాక్సీనే పక్కన పడేసి కొత్త సంఖ్యలతో ఇంకోటి పుట్టించారు.

బెంగుళూరు_బాలు
కళ్యాణి గారు చెప్పిన బీబీసీ మైక్రో చేసింది ఏకార్న్ కంపెనీ. దాని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసిన సోఫీ విల్సన్, హార్డ్‌వేర్ పని చూసిన స్టీవ్ ఫర్బర్ కలిసి తర్వాత ఆర్మ్ ప్రాసెసర్ రూపొందించారు. మొదటి చిప్ 1985లో చేతికొచ్చింది. మన ఫోన్లలో ఉన్నది ఆ వంశమే. శీను గారబ్బాయి చేతిలో ఉన్నది కళ్యాణి గారి స్కూలు కంప్యూటర్‌కి మనవడు అనుకోండి.

నిజాంపేట_నాని
మా చిన్నాన్న 1984లో లండన్ నుంచి వస్తూ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ తెచ్చాడు. 48 కేబీ రకం. రబ్బరు మీటలు, పక్కన ఇంద్రధనుస్సు చార. కాసెట్ అంటే పాటల కాసెట్టే, టేప్‌రికార్డర్‌కి వైరు తగిలించి లోడ్ చేయాలి. కీ... అని మోత, తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత గరగరమంటూ పసుపు, నీలం. ఒక ఆట ఎక్కడానికి ఐదు నిమిషాలు. నాలుగున్నర నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాక కరెంటు పోయేది! మళ్ళీ మొదటి నుంచి. ఎండాకాలం మా నాన్నమ్మ "ఆ పిల్లికూతలు ఆపండ్రా" అని కేకేసేది గానీ, కరెంటు పోతే ముందు "అయ్యో" అనేది ఆవిడే.

చోటు మిగల్చడం గురించి కాబట్టి చెబుతున్నా. స్పెక్ట్రమ్ తెర 256 × 192 చుక్కలు. ప్రతి చుక్కకీ విడిగా 16 రంగులు ఇవ్వాలంటే 24 కేబీ అవుతుంది, ఉన్న మెమరీలో సగం. అందుకని 8 × 8 చుక్కల గడి ఒక్కోదానికి రెండే రంగులు అని నియమం పెట్టారు. తెర మొత్తం 6,912 బైట్లలో సరిపోయింది. దాని వల్ల మనిషి బొమ్మ చెట్టు ముందు నుంచి వెళ్తే చెట్టు రంగు మనిషికి అంటుకునేది. నాకు అదేదో వానలో తడిసి రంగు వదిలిన బట్టలాగా అనిపించేది. తప్పు అని తెలియదు, బాగుందనుకునేవాణ్ణి.

పాతరేడియో
నాకు 68 ఏళ్ళు. మీరంతా కేబీల్లో మాట్లాడుతుంటే నాకు ఉంగరాలు గుర్తొస్తున్నాయి. మా తరం మొదట చూసిన మెమరీ ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు ఉంగరాలది. ఒక్క బిట్‌కి ఒక ఉంగరం, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. పూసలు గుచ్చినట్టు సన్నటి రాగి తీగలు వాటిలోంచి దూర్చి చాపలా అల్లేవారు. మీ విమానం ఆట దాచాలంటే 32,768 ఉంగరాలు గుచ్చాలి. మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో 1969లో టీడీసీ-12 తయారైంది, మనదేశంలో రూపొందించిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. ఆ పేరు వింటేనే మాకు ఒళ్ళు పులకరించేది.

ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ అనే మాట ఊపందుకున్నది ఆల్టెయిర్ 8800తో. 1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. భాగాలు కొని మనమే అతుక్కోవాలి. 256 బైట్ల మెమరీ. తెర లేదు, కీబోర్డు లేదు, ముందు వైపు మీటలూ దీపాలూ అంతే. స్పీకరూ లేదు. అయినా స్టీవ్ డాంపియర్ అనే అతను కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మీటింగుకి దాన్ని తెచ్చి, పక్కన చిన్న రేడియో పెట్టాడు. మీటలు ఒక్కొక్కటీ పైకీ కిందికీ అంటూ చేత్తో ప్రోగ్రామ్ ఎక్కించి నడిపితే, రేడియోలోంచి పాట వచ్చింది! ఆ యంత్రం నడుస్తుంటే పుట్టే విద్యుత్ తరంగాలు రేడియోకి గరగరలాగా తగులుతాయి. ఆ గరగర ఎంతసేపు, ఎంత వేగంగా రావాలో లెక్క కట్టి స్వరాలు చేశాడు. నేను రేడియోలు బాగుచేసిన మనిషిని. గరగర తగ్గించడానికే బతుకంతా సరిపోయింది. గరగరలోంచి పాట తీసిన మనిషి గురించి చదివి నోరెళ్ళబెట్టాను.

లలిత_విశాఖ
మాస్టారూ, ఈ ఒక్క పోస్టు కోసం ఈ థ్రెడ్ దాచుకుంటాను.

టెక్స్చర్_ప్రసాద్
నాదీ అదే మాట. ఒకటి నా వైపు నుంచి కూడా కలుపుతాను. ఆపిల్ 2 కంప్యూటర్‌లో రంగులు, తిప్పే పాడిల్స్, స్పీకర్ ఎందుకున్నాయో తెలుసా? స్టీవ్ వోజ్నియాక్ అంతకుముందు అటారీ కోసం బ్రేకవుట్ ఆటకి, అంటే పలకతో బంతిని కొట్టి ఇటుకల గోడ పగలగొట్టే ఆటకి సర్క్యూట్ గీశాడు. ఆ ఆటని చిప్పులతో కాకుండా బేసిక్‌లో నాలుగు లైన్లు రాసి ఆడుకోవాలనిపించింది. బంతి గోడకి తగిలితే చప్పుడు రావాలి కాబట్టి స్పీకర్, పలకని అటూ ఇటూ జరపాలి కాబట్టి పాడిల్స్. 1977లో బయటికి వచ్చిన ఆ యంత్రం మీద తర్వాత జనం లెక్కలు, ఉత్తరాలు, వ్యాపారం చేసుకున్నారు. దాని ఒళ్ళు మాత్రం ఆట కోసం తయారైంది.

సికింద్రాబాద్_సుజాత
టెట్రిస్, అదే పై నుంచి పడే ముక్కలు పేర్చే ఆట, దాని గురించి కూడా రాయండి ఎవరైనా. నా రెండు కాన్పుల మధ్య నన్ను నిలబెట్టిన ఆట అది.

మేడమీద_యాంటెన్నా
సుజాత గారి కోసం. 1984, మాస్కో. సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్. ఆయన ముందున్న ఎలక్ట్రోనికా 60 యంత్రం బొమ్మలు గీయలేదు, అక్షరాలు మాత్రమే చూపిస్తుంది. అందుకని బ్రాకెట్లు పక్కపక్కన పెట్టి గడులు చేశాడు. పడేవి బ్రాకెట్లు, పేరుకునేవి బ్రాకెట్లు. తర్వాత వదీమ్ గెరాసిమోవ్ అనే పదహారేళ్ళ కుర్రాడు దాన్ని ఐబీఎం పీసీకి మార్చి రంగులు అద్దాడు. ప్రసాద్ గారూ, ఇందులో బొమ్మే లేదు. అయినా ఆట మొదటి రోజునే పూర్తిగా ఉంది.

టెక్స్చర్_ప్రసాద్
ఆ దెబ్బ తగిలింది. ఒప్పుకున్నాను.

వరంగల్_హరి
నేను కాలేజీ ల్యాబ్‌లో డాస్ మీద ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గురించి చెప్పి ఆపుతా. జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 కోసం రాసిండు. తమ్ముణ్ణి పరిగెత్తించి, దుంకించి, వీడియో తీసి, ఆ ఫ్రేములు చూసి గీసిండు. అందుకే ఆ యువరాజు నడక అంత సహజంగ ఉంటది. కానీ ఆ ఫ్రేములతోనే మెమరీ నిండిపోయింది. శత్రువు బొమ్మ పెట్టడానికి జాగా లేదు. శత్రువు లేకపోతే ఆటలో ఊపు లేదు.

అప్పుడేం చేసిండంటే, యువరాజు బొమ్మనే తీసుకొని, దాన్నే ఒక్క చుక్క పక్కకు జరిపి, ఒకదాని మీద ఒకటి వేసి, రెండిట్ల ఉన్న చుక్కలు కొట్టేసిండు. అంచులు మెరిసే ఒక నీడ మనిషి వచ్చిండు. కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయలే. నాలుగో లెవెల్‌ల అద్దం లోంచి దుంకితే ఆ నీడ అవతలికి వస్తడు, యాదికి ఉందా? తర్వాత మనం తాగాల్సిన మందు వాడు తాగుతడు. పన్నెండో లెవెల్‌ల కత్తి పట్టుకొని ఎదురుగ నిలబడతడు.

నిజాంపేట_నాని
అక్కడ వాడిని పొడిస్తే మన ప్రాణమే తగ్గేది! నేను నెల రోజులు పొడుస్తూనే ఉన్నా. సీనియర్ ఒకాయన వెనక నుంచి వచ్చి "కత్తి దించు" అన్నాడు. దించాను. వాడూ దించాడు. ఎదురెదురుగా నడిచి ఒకరిలో ఒకరు కలిసిపోయారు. ల్యాబ్‌లో అందరూ లేచి నిలబడ్డారు.

గుంటూరు_శీను
ఇవన్నీ రాత్రి కూర్చుని మావాడికి చదివి వినిపించాను. నీడ మనిషి దగ్గర ఫోన్ పక్కన పెట్టేశాడు. "మన ఇంట్లో ఆ విమానం డబ్బా ఇంకా ఉందా నాన్నా?" అన్నాడు. ఈ ఆదివారం ఊరెళ్ళి అటక మీద వెతుకుతాను. దొరికితే కొత్త టీవీకి తగులుతుందా?

పాతరేడియో
టీవీ వెనక యాంటెన్నా సాకెట్ ఉంటే దానికి గుచ్చి, అనలాగ్ సెర్చ్ పెట్టండి. కాసెట్ పలకకపోతే నోటితో ఊదొద్దు, తడికి తుప్పు పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో కాంటాక్టులు మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. అడాప్టర్ పాతదైతే పెట్టేముందు వోల్టేజీ ఒకసారి చూపించుకోండి.

గుంటూరు_శీను
దొరికింది. డబ్బా మీద మా అన్నయ్య బ్లేడుతో చెక్కిన పేరు కూడా ఉంది. మాస్టారు చెప్పినట్టు రబ్బరుతో రుద్దితే రెండోసారికి బొమ్మ వచ్చింది. మావాడు మొదటి వంతెన దాటడానికి అరగంట పట్టింది, ఇప్పుడు నాలుగోదాని దగ్గర ఉన్నాడు. అన్నయ్యకి వీడియో కాల్ చేసి టీవీ వైపు తిప్పాను. ఆయన అక్కడ కూర్చుని "ఇప్పుడు సన్నబడుతుంది, ఎడమకి రారా, ఎడమకి" అని చెబుతున్నాడు. ఇన్నేళ్ళయినా ఒక్కటీ మర్చిపోలేదు.